వలిసె పూల వెనక

కార్తీకం అడుగుపెట్టిందంటే చాలు, విశాఖపట్నం నుంచి అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ రైల్లో నిలబడడానికి చోటుండదు. శనివారం రాత్రి పాడేరులో గది కావాలంటే ఎవరిదో ఒకరి సిఫార్సు ఉండాలి. లంబసింగి ఘాట్‌లో ఇంకా చీకటి ఉండగానే కార్లు బారులు తీరతాయి. ఇంతమంది ఎందుకొస్తున్నారని అడిగి చూడండి, నూటికి తొంభైమంది చెప్పేది ఒకే మాట: ప్రకృతిని చూడడానికి. ఈ మాటతోనే నాకు పేచీ. పాడేరు కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో యాత్రికుడు కళ్ళప్పగించి చూసే అందంలో పెద్ద వాటా మనుషుల కష్టానిది. ఎవరో విత్తారు, ఎవరో నాటారు, ఎవరో రాళ్ళు మోశారు, ఎవరో కోర్టు మెట్లెక్కారు. ఆ సంగతి తెలిసి చూసేవాడికి అరకు రెండింతలు కనిపిస్తుంది. తెలియనివాడి వల్ల అరకుకు నష్టం కూడా జరుగుతుంది. ఈ మాటకు నా దగ్గరున్న ఆధారాలేమిటో, దీనికి ఎదురయ్యే అభ్యంతరాలేమిటో ఈ ప్రసంగంలో చెబుతాను.

ముందు అందరూ ఫొటోలు దిగే పసుపుపచ్చ పొలాల సంగతి. నవంబరు, డిసెంబరు నెలల్లో అరకు లోయ అంతా పసుపు ఆరబోసినట్టుండే ఆ పూలు వలిసెలు. అవి అడవిపూలు కావు, నూనెగింజల పంట. వానలు వెనకబట్టే వేళ రైతు ఆ గింజ చల్లుతాడు. సారం తక్కువైన వాలు నేలల్లోనూ, పెద్దగా నీరు పెట్టకపోయినా ఎదుగుతుంది గనక కొండవాలు రైతుకు అది నమ్మకమైన పైరు. మరో విశేషం, వలిసె పుట్టిల్లు ఇథియోపియా. అరకుకు పేరు తెచ్చిన అరబికా కాఫీ పుట్టిల్లూ అదే. కాఫీ మొక్కకు గొడుగు పట్టే సిల్వర్ ఓక్ చెట్టు ఆస్ట్రేలియాది. చింతపల్లి వైపు సంతల్లో రాశులు పోసి అమ్మే రాజ్మా గింజ అమెరికా ఖండాలది. లంబసింగి స్ట్రాబెర్రీ తోటలైతే నిన్నమొన్నటివి. అంటే, తొలినాటి నుంచీ ఇలాగే ఉన్నదని యాత్రికుడు మురిసిపోయే దృశ్యంలో సగం సరుకు సముద్రాలు దాటి వచ్చింది. దాన్ని ఈ చలికీ ఈ మట్టికీ మచ్చిక చేసినవాళ్ళు ఇక్కడి రైతులు. ఇందులో చిన్నబుచ్చుకోవలసిందేమీ లేదు. మిరపకాయ బయటినుంచి వచ్చిందని తెలిసినంత మాత్రాన మన ఆవకాయ పరాయిదవుతుందా?

కాఫీ కథ ఇంకా వివరంగా చెప్పుకోవలసింది. తూర్పు కనుమల్లో కాఫీని మొదట 1898లో బ్రోడీ అనే ఆంగ్లేయుడు పాములేరు లోయలో నాటాడని చెబుతారు. ఆ మొక్క అరకు, అనంతగిరి, చింతపల్లి కొండలకు నెమ్మదిగా పాకింది. 1960ల నుంచి అటవీ శాఖ తోటలు వేసింది. ఆ తర్వాత సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ పోడుకు బదులుగా గిరిజన కుటుంబాల చేత చిన్న చిన్న తోటలు పెట్టించింది. ఇవాళ ఈ కొండల్లో రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ ఉంది. ఒక్కో కుటుంబానికి ఎకరమో రెండెకరాలో మాత్రమే. దోర ఎండలో సిల్వర్ ఓక్ నీడన, మాను చుట్టూ మిరియపు తీగ అల్లుకుని ఉన్న తోట చూసి అడవి అనుకుంటాం. దగ్గరికి వెళ్తే పని కనిపిస్తుంది. ఒకే కొమ్మ మీద పచ్చికాయ, దోరకాయ, ఎర్రటి పండు పక్కపక్కనే ఉంటాయి. పండినదాన్నే ఏరాలి, పచ్చిది కలిస్తే కప్పులో వగరు దిగుతుంది. అందుకని అదే చెట్టు దగ్గరికి నవంబరు మొదలు జనవరి దాకా మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. కోసిన పండు నిలవ ఉంచితే పులుస్తుంది గనక ఏ రోజుది ఆ రోజే తోలు తీయాలి, నాననివ్వాలి, జిగురు పోయేలా కడగాలి, ఎండబెట్టాలి. నేలమీద పోస్తే మట్టివాసన పట్టేస్తుంది. పొగమంచు దిగితే ఎత్తి కప్పాలి, ఎండ రాగానే మళ్ళీ పరవాలి. యాత్రికుడు ఆరాటపడి వచ్చే ఆ పొగమంచే కాఫీ ఆరబెట్టే ఇల్లాలికి తలనొప్పి. అరకు కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం వెలిసింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు కొండకు ఇచ్చినట్టు కాగితం మీద ఉంటుంది గానీ, సంపాదించి పెట్టింది పండు ఏరిన వేళ్ళు.

ఇక దారుల మాట. అరకు ప్రయాణంలో సగం ఆనందం రైలుదే. సొరంగంలోకి దూరినప్పుడల్లా పిల్లలు కేకలు వేస్తారు, బయటపడగానే లోయ కనిపిస్తుంది. 2017 నుంచి అద్దాల పెట్టె కూడా తగిలించారు. కానీ ఆ మార్గం మనకోసం వేసింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపాలని 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వేసిన మార్గమది. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషనుకు పట్టాలెక్కించడానికి యాభైకి పైగా సొరంగాలు తవ్వవలసి వచ్చింది. యాత్రికుడు ఆ గూడ్సు బళ్ళ దారిలో అతిథి. రోడ్ల చరిత్ర ఇంతకన్నా చేదుది. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు కొండలెక్కే దారులను వేయించేటప్పుడు, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత నామమాత్రపు కూలికి చాకిరీ చేయించాడు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అప్పటికే పోడు మీద ఆంక్షలు పెట్టి వాళ్ళ కడుపు కొట్టింది. ఈ రెండు మంటలూ కలిసి 1922లో మన్యం పితూరీ అయ్యాయి. ఆగస్టు 22న చింతపల్లి, ఆ వెంటనే కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో కవార్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్లేయ అధికారులు హతమయ్యారు. 1924 మే 7న కొయ్యూరులో సీతారామరాజును కాల్చి చంపారు. లంబసింగి వెళ్ళే కారు ఎక్కే మలుపుల వెనక ఈ కథంతా ఉంది. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉంది. సూర్యోదయం చూసి తిరిగి దిగేటప్పుడు అక్కడ ఆగే కార్లు, ఎక్కేటప్పుడు బారులు తీరిన కార్లలో ఎన్నో వంతు ఉంటాయో మీరే ఊహించండి.

ఇక్కడ ఎవరైనా అడ్డుతగలవచ్చు. పంటలు, పట్టాలు మనుషులవే కావచ్చు, మరి బొర్రా గుహలు ఎవరు కట్టారు, వంజంగి కొండ కింద మేఘాలు ఎవరు పరిచారు అని. న్యాయమైన ప్రశ్న. బొర్రాలో చెయ్యి పెట్టింది నీరే. వాననీరు గాలిలోని, నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది, సున్నపురాయిని కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది. కప్పు నుంచి జారే ప్రతి చుక్కా పిసరంత సున్నం వదిలి పోతుంది. లక్షల ఏళ్ళు అలా వదిలితే పైనుంచి ఊడలు, కిందినుంచి పుట్టలు లేచాయి, అందులోంచి గోస్తనీ నది పారింది. వంజంగి సంగతీ అంతే. ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల వేడి ఎగిరిపోతుంది, చల్లబడి బరువెక్కిన గాలి వాలు వెంట దిగి లోయలో పేరుకుంటుంది, అందులోని తేమ పొగమంచవుతుంది. కొండకొమ్మున నిలబడ్డవాడికి అది కాళ్ళకింద పాలసముద్రం. ఎండ ఎక్కి నేల వేడెక్కితే ఆవిరైపోతుంది. ఇందులో మనిషి ప్రమేయం లేదు, ఒప్పుకుంటాను. (పనిలో పనిగా చెప్పాలి, లంబసింగిలో హిమాలయాల మాదిరి మంచు కురుస్తుందని తిరిగే వీడియోలు నమ్మకండి. అక్కడ ఉన్నది గడ్డకట్టించే చలీ, దట్టమైన పొగమంచూ. అది చాలదా?)

కానీ పుట్టించడం ఒకటి, మిగల్చడం ఇంకొకటి. బొర్రా చుట్టుపక్కల అనంతగిరి మండలంలో కాల్సైటు వంటి ఖనిజాల కోసం బయటివాళ్ళకు లీజులిచ్చారు. సమత అనే సంస్థ ఆ గ్రామాల గిరిజనుల పక్షాన కోర్టుకెక్కింది. 1997 జులైలో సుప్రీంకోర్టు చారిత్రకమైన తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదలాయించకూడదన్న నిబంధనలో ప్రభుత్వం కూడా ఒక వ్యక్తి కిందికే వస్తుందని, అంచేత ప్రభుత్వ భూమినైనా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని ఆ తీర్పు సారాంశం. దేశంలోని గిరిజన ప్రాంతాలన్నింటి వాదనల్లోనూ సమత తీర్పు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ కొండల్ని డైనమైట్లు తొలిచేసి ఉంటే ఈ యాత్రకు మిగిలేదేమిటి? బొర్రా గుహ ముందు టికెట్టు కొనే యాత్రికుడికి ఆ గ్రామాల పోరాటం గురించి అక్కడ రెండు వాక్యాల బోర్డు పెట్టినా బాగుండేది. నీరు చేసిన పని గుహ లోపల దీపాలు వేసి చూపిస్తున్నారు, మనుషులు చేసిన పని గుహ బయట చీకట్లోనే ఉంది.

సంస్కృతి విషయంలో ఇదే పొరపాటు మరో రూపంలో కనిపిస్తుంది. రిసార్టులో నెగడు వేసి, రాత్రి భోజనానికి ముందు ఇరవై నిమిషాలు ధింసా ఆడించి, చివర్లో అతిథుల్ని కూడా వరుసలోకి లాగి ఫొటోలు తీయడం ఆనవాయితీ అయింది. ఆడవాళ్ళు ఒకరి వెనకనుంచి ఒకరు చేతులు పెనవేసుకుని వరుస కడతారు. ఆ వరుసను నడిపించేవారి చేతిలో నెమలీకల కట్ట ఉంటుంది. తుడుం, డప్పు, మోరి, జోడుకొమ్ములు మోగుతుంటే ఆ వరుస పాములా వంకర తిరుగుతుంది. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ అడుగుల్ని కాస్త గమనించండి. బోడ ధింసా గ్రామదేవతను కొలిచేది. పోతర్ తోల ధింసా ఆకులు ఏరే పనిని అభినయిస్తుంది. భాగ్ ధింసా పులి నుంచి తప్పించుకోవడం. అడవిలో చేసే పని, అడవిలో ఉన్న భయం, ఊరి దేవత మొక్కు అన్నీ ఆ నాట్యంలో ఉన్నాయి. ఆ ముక్క ఎవరూ చెప్పకపోతే అది ఎర్రచీరల వరుస కింద మిగిలిపోతుంది. రిసార్టు ప్రదర్శన అసలు ధింసా కాదని, దాన్ని బహిష్కరించాలని వాదించేవాళ్ళున్నారు. నేను అంతదూరం పోను. ఆడేవాళ్ళకు ఆ డబ్బు అవసరం, తమ ఆట ఎక్కడ ఆడాలో నిర్ణయించుకునే హక్కు వాళ్ళది. అడగవలసింది, ఆ కార్యక్రమానికి యాత్రికుడు కట్టిన దాంట్లో ఆడినవాళ్ళ చేతికెంత వచ్చిందని. ఇంకో మాట, మన్యంలో ఉన్నది ఒక్క తెగ కాదు. భగత, వాల్మీకి, కొండదొర, కోటియ, పోర్జ, గదబ, కోందులు, ఇలా అనేకం. ఒడియాకు దగ్గరి ఆదివాసీ భాష ఒకటి వీళ్ళలో చాలామంది మధ్య వాడుకగా నడుస్తుంది. అరకులోని గిరిజన మ్యూజియం ఈ తేడాలను కొంతవరకు చూపిస్తుంది. పదిహేను నిమిషాల్లో చుట్టేసి బయటపడే చోటు కాదది.

వారమంతా ఆఫీసులో నలిగినవాడు రెండు రోజులు ఊపిరి పీల్చుకుందామని వస్తే, ఈ పాఠాలన్నీ ఎందుకు నెత్తిన రుద్దుతారన్నది మరో అభ్యంతరం. సానుభూతితోనే జవాబు చెబుతాను. ఇప్పుడు సాగుతున్న యాత్రలో విశ్రాంతి ఎక్కడుంది? పొద్దున్నే రైలు, బొర్రాలో గంట, అరకులో బొంగు చికెన్, మ్యూజియంలో పావుగంట, తోటలో పావుగంట, చాపరాయిలో కాళ్ళు తడుపుకోవడం, గాలికొండ దగ్గర ఒక ఫొటో, అర్ధరాత్రికి మళ్ళీ విశాఖ. ఇది జాబితాకు టిక్కులు పెట్టే ఉద్యోగం. ఆ టిక్కుల్లో సగం కొట్టేసి ఒక వారపు సంతలో పూట గడిపి చూడండి. ఎత్తైన ఊళ్ళనుంచి తెల్లారగట్లే నడక మొదలుపెట్టిన ఆడవాళ్ళు పసుపు, అల్లం, పిప్పళ్ళు, చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకుల కట్టలు దించుతారు. చోళ్ళు, సామలు కుంచంతో కొలుస్తారు. మైదానం నుంచి వచ్చిన వ్యాపారి తూకం కాటా పట్టుకుని ఎదురుగా కూర్చుంటాడు. ఈ షావుకార్ల చేతిలో గిరిజనుడు మోసపోకూడదనే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. అయినా బేరం ఇంకా సాగుతూనే ఉంటుంది. అక్కడ కిలో రాజ్మా, పావుకిలో మిరియాలు కొనడం విశ్రాంతికి భంగమా? పైగా కొన్న డబ్బు నేరుగా పండించినామె కొంగుకు చేరుతుంది.

డబ్బు మాట వచ్చింది గనక అన్నిటికన్నా గట్టి అభ్యంతరం దగ్గరికి వద్దాం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలకు 1970లో చేసిన సవరణను మన్యంలో వన్ ఆఫ్ సెవెంటీ చట్టం అంటారు. దాని ప్రకారం గిరిజనేతరులు ఇక్కడ భూమి కొనలేరు. అందువల్లే పెద్ద హోటళ్ళు రావడం లేదు, గదులు చాలడం లేదు, డిసెంబరులో అద్దెలు మండిపోతున్నాయి, ఉద్యోగాలు రావడం లేదు, కనక చట్టాన్ని సడలించాలి అంటారు. 2025 ఫిబ్రవరిలో ఈ మాట పైకి వచ్చేసరికి మన్యం బంద్ పాటించింది. చట్టం జోలికి వెళ్ళబోమని ప్రభుత్వం చెప్పవలసి వచ్చింది. గదుల కొరత నిజమే, కాదనను. కానీ దానికి భూమే మందా? ఊటీ, కొడైకెనాల్‌లలో హోటళ్ళకు కొదవ లేదు. బండ్ల వరద తట్టుకోలేక మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి అక్కడికి వెళ్ళాలంటే ఈ-పాస్ పెట్టారు. గదులు పెరిగినకొద్దీ రద్దీ తగ్గదని, పెరుగుతుందని ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. అమ్ముకున్న రైతు అదే నేలమీద కట్టిన హోటల్లో వాచ్‌మన్ అయితే దాన్ని ఉద్యోగ కల్పన అనడం నాకు నోరు రాదు. భూమి గిరిజనుడి పేరునే ఉంచి, అతని ఇంటికే రెండు గదులు, ఒక శుభ్రమైన మరుగుదొడ్డి చేర్చడానికి బ్యాంకు అప్పు, కాస్త శిక్షణ ఇస్తే గదుల కొరతా తీరుతుంది, అద్దె డబ్బూ కొండమీదే ఉంటుంది. బినామీ పేర్లతో లాడ్జీలు లేస్తున్నాయన్న ఆరోపణ చాలాకాలంగా ఉంది. అది చట్టాన్ని ఎత్తెయ్యడానికి కారణం కాదు, అమలు చెయ్యడానికి కారణం. పర్యాటకం వస్తే రోడ్లు వస్తాయంటారు. వస్తాయి, చూడదగ్గ చోట్లకు. పురిటినొప్పులు పడే మనిషిని డోలీ కట్టి మోసుకొచ్చే గూడేలు ఈ జిల్లాలో ఇంకా ఉన్నాయి, ఆ గూడేల్లో చాలావాటికి వ్యూపాయింట్ లేదు.

ఇదంతా విని, అయితే వెళ్ళకపోవడమే మేలు కదా అని మరీ సున్నితమైనవాళ్ళు అనవచ్చు. వంజంగి కొండ ఎక్కే దారిలో ప్లాస్టిక్ సీసాలు, ఖాళీ చిప్సు పొట్లాలు చూస్తే నిజంగానే అలా అనిపిస్తుంది. అయినా మానెయ్యమని నేను చెప్పను. కాఫీకి, మిరియాలకు, చిరుధాన్యాలకు మంచి ధర పలకాలంటే వాటి పుట్టుచోటు చూసిన కొనుగోలుదారులు కావాలి. మన్యం మీద చట్టసభల్లో చర్చ వచ్చినప్పుడు అక్కడి మనుషులెవరో తెలిసిన మైదానం ఓటర్లు కావాలి. వెళ్ళాలి, కాకపోతే ఒకేసారి వేలమంది ఒకే కొండ మీదికి కాదు. వానలు తగ్గే సెప్టెంబరులో కొత్తపల్లి, తాటిగూడ జలపాతాలు నిండుగా ఉంటాయి, జనం పలచగా ఉంటారు. మే నెలలో పాడేరు మోదకొండమ్మ జాతర మూడు రోజులు ఉంటుంది. డిసెంబరు మేఘాల కోసం గుమిగూడేవాళ్ళలో పదోవంతు ఆ జాతరకు వెళ్తే అమ్మవారితోపాటు మన్యం మన్యమంతా ఒకచోట కనిపిస్తుంది. వలిసె పొలంలో దిగాలంటే రైతు పదో ఇరవయ్యో అడుగుతున్నాడు, పూలకు కూడా టికెట్టా అని విసుక్కునేవాళ్ళున్నారు. ఆ పువ్వు గింజ కావలసింది. ఫొటో కోసం తొక్కిన మొక్క మళ్ళీ లేవదు, దాని నూనె ఆ ఇంటికి రాదు. ఆ లెక్కన అతను అడిగింది తక్కువే.

చైత్రమాసంలో ఇటుకల పండగ రోజుల్లో వెళ్ళినవాళ్ళకు ఇంకో చిరాకు. మగవాళ్ళు వేటకు వెళ్తే ఆడవాళ్ళు పాటలు పాడుతూ రోడ్డుకు అడ్డంగా కర్రో తాడో కట్టి వచ్చేపోయే బళ్ళను ఆపుతారు, పండగ మామూలు ఇస్తే గాని వదలరు. దీన్ని దౌర్జన్యపు వసూలు అని పోలీసులకు ఫిర్యాదు చెయ్యాలన్నవాళ్ళూ ఉన్నారు. విశాఖ నుంచి విజయవాడ వెళ్ళే దారిలో టోల్ ప్లాజాలు తగులుతాయి. అక్కడ ఫాస్టాగ్ మోగిన ప్రతిసారీ ఇదే పెద్దమనుషులు కిక్కురుమనకుండా ఇంతకు పదింతలు సమర్పించుకుంటారు. పైగా అక్కడ పాట కూడా ఉండదు.